కాటా ముల్లు నిలిచేదాకా

కాటా బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్ళు దాని జబ్బేమిటో చెప్పబోతే మా బావకి ఒళ్ళు మండుతుంది. "అక్కడ పెట్టి వెళ్ళు. ఏమైందో అదే చెప్తుంది" అంటాడు. ఎదుటివాడి మాట చెవిన పడితే చెయ్యి అటే మొగ్గుతుందనీ, మొగ్గిన చెయ్యి తూకం పనికి చేటనీ ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతంతోనే ఇన్నేళ్ళుగా మార్కెట్ వెనక వీధిలో కొట్టు నడుపుతున్నాడు. తక్కెడలూ స్ప్రింగు కాటాలూ ఆయనవి, కరెంటుతో నడిచేవి నావి. పెళ్ళిలో మా అక్క తెచ్చుకున్న సామానుతో పాటు నేనూ వచ్చానని, సామాను ఎప్పుడో అరిగిపోయింది గాని నేను మాత్రం అరగలేదని బావ అందరికీ చెప్తుంటాడు. ఇల్లు కొట్టు పైనే. ఉండేది మేం ముగ్గురం.

ఆ ఏడు వానలు ముందుగా పట్టుకున్నాయి. వానాకాలం మాకు ముద్రల కాలం. కొత్త పంట మార్కెట్టుకి రాకముందే ఊళ్ళో ప్రతి కాటానీ సరిచేసి, తూనికల ఆఫీసరు చేత ముద్ర వేయించుకోవాలి. కొట్టు నిండా తడి గొడుగులు, తుప్పు పట్టిన గొలుసులు, వరసలో నిలబడి ఒకరినొకరు తోసుకునే వ్యాపారులు. మామూలుగా అయితే ఆ రోజుల్లో బావని పట్టుకోలేం, పెళ్ళివారింట్లో వంటవాడిలా తిరుగుతాడు. ఆ ఏడు మాత్రం తరచుగా స్టూలు మీంచి లేచి మేడ మీదకి వెళ్ళొస్తున్నాడు. స్టూలు మీద దిండు కూడా వేసుకున్నాడు. వయసు మీద పడుతోంది బావా అని ఏడిపించాను. నీకింకా పెళ్ళే కాలేదు, నా వయసు సంగతి నీకెందుకురా అన్నాడు.

ఆ హడావిడిలోనే వర్తకుల సంఘం వాళ్ళు మార్కెట్ షెడ్డులో ఉచిత వైద్య శిబిరం పెట్టారు. బావ వెళ్ళింది వైద్యానికి కాదు. అక్కడ మనుషుల్ని తూచే మిషను ఎక్కువ చూపిస్తోందని ఉల్లిపాయల వ్యాపారి వచ్చి చెప్పాడు. తన మార్కెట్లో, అదీ ముద్రల కాలంలో, ఒక తప్పుడు కాటా ఉండటం బావ భరించలేకపోయాడు. స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని, నన్ను వెంటేసుకుని బయల్దేరాడు. మిషను సరిచేసి లేవబోతుంటే నర్సు పట్టుకుంది. యాభై దాటిన మగవాళ్ళకి రక్తపరీక్ష చేస్తున్నాం, కూర్చోండి అంది. సాయం చేసిన చేతికే సూది గుచ్చింది. పక్క బల్ల దగ్గర ఓ కుర్ర డాక్టరు, మూత్రంలో మంటా, జ్వరమా, రాత్రుళ్ళు మాటిమాటికీ లేవడమా అని వరసగా అడిగాడు. బావ అన్నిటికీ లేదనే చెప్పాడు. గుర్రంలా ఉన్నానండీ అని కూడా చేర్చాడు. డాక్టరు అదంతా రాసుకున్నాడు.

వారం తిరక్కుండా ఫోన్ వచ్చింది. ప్రోస్టేట్ గ్రంథి బాగోగులు చూడ్డానికి పిఎస్ఏ అని ఒక పరీక్ష ఉందట. ఆ అంకె మామూలుగా నాలుగు లోపుంటుందట. బావకి పద్నాలుగు వచ్చింది. ఆలస్యం చెయ్యకుండా పెద్దాసుపత్రిలో చూపించుకోమన్నారు.

బావ మొదట నమ్మలేదు. తూచే మిషన్నే సరిగ్గా పెట్టుకోలేనివాళ్ళు రక్తం లెక్క ఏం తేలుస్తారన్నాడు. మర్నాడు నాకు కూడా చెప్పకుండా బస్టాండు దగ్గర ఇంకో ల్యాబుకి వెళ్ళి మళ్ళీ రక్తం ఇచ్చొచ్చాడు. ఆ కాగితం వచ్చిన సాయంత్రం షట్టరు సగం దించి నన్ను లోపలికి పిలిచాడు. పదమూడున్నర.

"రెండు కాటాలు ఒకే మాట చెప్తున్నాయిరా" అన్నాడు. "ఇంక సరుకే అంత ఉన్నట్టు."

ఏం సరుకో ఆయన అనలేదు, నేనూ అనలేదు. మా ఇద్దరి మనసులోనూ ఉన్నది ఒకటే మాట. ఉల్లిపాయల వ్యాపారి అన్నగారు దాంతోనే పోయాడు. ఆ ఇంటికి మేమిద్దరం వెళ్ళొచ్చాం కూడా. నేనంటూ ఈ భూమ్మీద ఎవరికైనా భయపడతానంటే అది బావకే, ఎవరి కోసమైనా భయపడతానంటే అదీ బావ కోసమే. మీ అక్క చెవిన వేశావంటే నిన్ను తక్కెడ గొలుసుకి వేలాడదీస్తానని ఒట్టు పెట్టించుకున్నాడు.

ఆసుపత్రికి వెళ్ళడానికి ఒక వంక కావాలి. పెద్దాసుపత్రిలో పసిపిల్లల్ని తూచే కాటా ఆగిపోయిందని, అర్జెంటుగా పిలిచారని బావ కథ అల్లాడు. అక్క గిన్నెలు తుడుస్తూ అంతా విన్నది.

"పసిపిల్లల కాటాకి ఇద్దరు మొనగాళ్ళెందుకు?" అంది. "సరే, నేనూ వస్తాను. చంటిపిల్లల్ని చూసి చాలా రోజులైంది."

అని గొడుగు తీసింది. అక్క గొడుగు తీశాక ఇంక దానికి తిరుగుండదు. బస్సులో బావ నా వైపు గుడ్లురిమి చూశాడు. నేను చెప్పలేదు బావా అని కళ్ళతోనే మొత్తుకున్నాను.

ఆసుపత్రిలో అక్క పిల్లల వార్డు ఎక్కడని ఎవరినీ అడగలేదు. బోర్డులు చదువుకుంటూ నేరుగా నడిచి, మూత్రకోశ వ్యాధుల విభాగం ముందు బెంచీ మీద కూర్చుంది. గొడుగు నీళ్ళు ఓడుతుంటే బెంచీ కిందకి జరిపింది. బావ గోడనున్న గడియారం సరైన టైము చూపిస్తోందా అని పరీక్షగా చూశాడు. మా వంతు వచ్చినప్పుడు అక్క అందరికన్నా ముందు లేచింది.

లోపల డాక్టరమ్మ ఉంది. నడివయసు మనిషి, మాట నిదానం. ఆడమనిషి ఉంటుందని బావ అనుకోలేదు. కుర్చీ అంచు మీదే కూర్చున్నాడు. ఆమె రెండు కాగితాలూ చూసింది, శిబిరంలో రాసింది కూడా చదివింది. ఏ బాధా లేకుండా అంకె ఇంతుంటే ఊరుకోకూడదని, స్కానింగ్ చేసి, తర్వాత సూదితో చిన్న ముక్కలు తీసి క్యాన్సరేమో పరీక్షకి పంపాలని చెప్పింది. ఆ మాట మా ముగ్గురి మధ్యా మొదటిసారి పైకి వినబడింది. అక్క ముఖం మారలేదు. డాక్టరమ్మ తారీకు రాయబోతూ, ఎందుకైనా మంచిదని మళ్ళీ అడిగింది. మంటగానీ, జ్వరంగానీ, రాత్రుళ్ళు లేవడంగానీ ఏమీ లేవు కదా అంది.

"ఏం లేవండీ" అన్నాడు బావ.

"ఉన్నాయండీ" అంది అక్క.

ఆమె గొంతు పెంచలేదు. వానలు మొదలైనప్పట్నుంచీ రాత్రికి ఐదారుసార్లు లేస్తున్నాడని, బాత్రూములో పంటి బిగువున నిలబడతాడని, కొళాయి విప్పి చప్పుడు చేస్తాడు గాని మూలుగు వినబడుతూనే ఉంటుందని చెప్పింది. శిబిరానికి నాలుగు రోజుల ముందు చలిజ్వరం వచ్చి మంచం కదిలేంతగా వణికాడని, వానలో తడిశానని చెప్పాడని, ఆ రోజు అసలు ఆయన కొట్టు దాటి బయటికే వెళ్ళలేదని చెప్పింది. కూర్చోలేక స్టూలు మీద దిండు వేసుకున్న సంగతి కూడా చెప్పింది. దిండు సంగతి నేనూ చూశాను, చూసి నవ్వాను.

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. బావని తెర వెనక్కి తీసుకెళ్ళి పరీక్ష చేసింది. ఆయన కెవ్వుమనడం మాకు వినబడింది. మూత్రం పరీక్ష కూడా అప్పటికప్పుడు చేయించింది. ఆ కాగితం వచ్చాక మళ్ళీ ముగ్గుర్నీ కూర్చోబెట్టింది.

"గ్రంథి వాచి ఉంది. ముట్టుకుంటేనే ఎగిరిపడుతున్నారు. మూత్రంలో చీము ఉంది" అంది. "ఇన్ఫెక్షన్‌తో వాచినా ఈ అంకె ఇలాగే పెరుగుతుంది. క్యాన్సర్ మొదట్లో చాలామందికి ఏ బాధా పెట్టదు. మీరు ఏమీ లేదన్నారు కాబట్టే నేను అటు మొగ్గాను. ఈ వాపు మీద సూది గుచ్చి ఉంటే ఇన్ఫెక్షన్ రక్తంలోకి పోయి ప్రమాదమయ్యేది."

చెప్తే మొగ్గుతారని భయపడ్డ మనిషి, చెప్పకపోయినా మొగ్గుతారని ఆ వయసులో తెలుసుకున్నాడు. అయితే ఇది క్యాన్సర్ కాదన్నమాటేనా అని ఆశగా అడిగింది నేనే. ఆమె కాదనీ అనలేదు, అవుననీ అనలేదు. అంకె పెరిగిందని మాత్రమే రక్తం చెప్తుంది, ఎందుకు పెరిగిందో చెప్పదు అంది. నాలుగు వారాలు మందులు, మధ్యలో మానకూడదు. వాపు పూర్తిగా తగ్గడానికి ఇంకొంత గడువిచ్చి, మొత్తం మీద ఎనిమిది వారాలకి మళ్ళీ పరీక్ష. బాగా దిగితే సరే. దిగకపోతే స్కానింగూ సూదీ అప్పుడు తప్పవు. వాపూ క్యాన్సరూ రెండూ కలిసి ఉండేవాళ్ళు కూడా ఉంటారట.

ఇంటికొచ్చాం. మెట్లెక్కాక బావ చెప్పులు విడుస్తూ అక్కని అడిగాడు.

"నీకెలా తెలుసే?"

"ఒకే మంచం మీద పడుకుంటాం కదండీ."

"మరి ఒక్కసారీ అడగలేదేం?"

"దాచుకోడానికి మీరంత కష్టపడుతున్నారు. పాడుచెయ్యడం ఎందుకులే అనుకున్నాను. క్యాన్సర్ అనేసరికి ఇంక ఊరుకోలేకపోయాను."

డాక్టర్లకి ముందే చెప్తే వాళ్ళ చెయ్యి ఒకవైపు మొగ్గుతుందనే తను చెప్పలేదని బావ తన సిద్ధాంతం వల్లించబోయాడు. అక్క చీరకొంగు దులుపుకుంటూ, సిద్ధాంతమూ లేదు పాడూ లేదు, సిగ్గు, అంతే అంది. నాకు నవ్వాగలేదు. బావ నన్ను కొట్టడానికి గొడుగు వెతికాడు. ఆ పూట మేం నవ్విందే నవ్వు.

మందులు పడ్డాక వారం పదిరోజుల్లో మంట తగ్గింది, దిండు మేడెక్కింది. నీరసం మాత్రం తగ్గలేదు. పెద్ద తూకం రాళ్ళు ఎత్తొద్దని అక్క ఆంక్ష పెట్టింది. కొట్టులో కాటాలు గుట్ట పడుతున్నాయి, ఆఫీసరు వచ్చే రోజు దగ్గర పడుతోంది. ఒకరోజు పొద్దున్నే అక్క కొంగు దోపుకుని మెట్లు దిగి వచ్చి, ఎక్కడ కూర్చోమంటారండీ అని అడిగింది. ఇన్నేళ్ళలో ఆమె కొట్టులోకి వచ్చింది టీ గ్లాసులు తీసుకెళ్ళడానికే.

వచ్చిన మొదటిరోజే సిద్ధాంతానికి నీళ్ళొదిలింది. కాటా తెచ్చినవాడి చేతికి మంచినీళ్ళిచ్చి, ఏమైందయ్యా, ఎప్పట్నుంచీ అని అడిగింది. అంతే, మార్కెట్టు మార్కెట్టంతా గోడు వెళ్ళబోసుకోవడం మొదలుపెట్టింది. పాత ఇనుము వ్యాపారి కాటా సంగతి చెప్తూ చెప్తూ అల్లుడి సంగతి దాకా వెళ్ళాడు. బావ పళ్ళు నూరాడు. కానీ పని సగం తేలికైన మాట నిజం. కాటాని ఎవరు ఎక్కడ కింద పడేశారో వాళ్ళే చెప్పేస్తున్నారు మరి.

బావ ఆమెకి పని నేర్పడం మొదలుపెట్టాడు. గొలుసులు సమం చెయ్యడం, స్ప్రింగు మార్చడం, ముల్లు పూర్తిగా నిలిచేదాకా చదవకుండా ఆగడం. మొదట సరదాగానే చూశాను. తర్వాత ఆ తొందర గమనించాను. ఒకటి వచ్చీరాకముందే ఇంకొకటి అందుకుంటున్నాడు. వర్తకుల్ని పిలిచి, ఇక మీదట ఏదైనా ఈవిడతో మాట్లాడండి అని పరిచయం చేస్తున్నాడు. తను లేని కొట్టుకి అక్కని సిద్ధం చేస్తున్నాడు. ఆ సంగతి అర్థమైన రోజు నేను పనుందని చెప్పి బజారంతా ఊరికే తిరిగొచ్చాను.

అక్కకి అన్నీ ఇట్టే వచ్చేశాయి, ఒక్కటి తప్ప. రెండు పళ్ళేలూ వేలాడే తక్కెడ దండె మధ్యలో ఒక ఉక్కు అంచు ఉంటుంది. దండె ఊగేది దాని మీదే. అది మొద్దుబారితే ఆకురాయితో సన్నగా పట్టి పదును తేవాలి. పనంతటికీ ప్రాణం అదే. అక్క చేతిలో అది ఎప్పుడూ వంకర పోయేది. బావ ఓపిగ్గా చెయ్యి పట్టుకుని చూపించేవాడు. మర్నాడు మళ్ళీ వంకర. ఇంత తెలివిగల దానివి, దీంట్లో మట్టిబుర్రవయ్యావేమిటే అని విసుక్కునేవాడు. ఒక మధ్యాహ్నం ఆయన పైన నిద్రపోతుంటే నేను వెనక గదిలోంచి వచ్చాను. అక్క ఒక్కతే దండె ఒళ్ళో పెట్టుకుని ఆకురాయి పడుతోంది. అంచు వెంట్రుకలా వచ్చింది. బావ చేత్తో చేసినట్టే ఉంది.

నన్ను చూసి దాచబోయింది. దాచలేక నవ్వింది.

"వచ్చు కదే నీకు" అన్నాను.

"వచ్చు."

"మరి ఆయన ముందు ఎందుకలా?"

"అన్నీ వచ్చేశాయంటే ఈయన ఇంక తన పని అయిపోయిందనుకుంటాడురా. ఆ పరీక్షేదో అయ్యేదాకా నాకీ ఒక్కటి రాకూడదు."

అని ఆ అంచుని తనే మళ్ళీ వంకర చేసి, దండె బావ బల్ల మీద పెట్టింది. నేను నోరు మూసుకుని నా కరెంటు కాటాల దగ్గరికి పోయాను. ఆ ఇద్దరి మధ్యా బతికినన్నాళ్ళలో ఆ రోజు వాళ్ళ మీద పుట్టినంత ప్రేమ నాకెప్పుడూ పుట్టలేదు.

మందులు సగం అయ్యాయో లేదో బావ ఆగలేకపోయాడు. గొలుసులు కొనాలని చెప్పి వెళ్ళి, మోచేతి మడతలో దూది అంటించుకుని వచ్చాడు. చొక్కా చెయ్యి దించుకున్నాడు గాని అక్క కంట్లో పడింది. సాయంత్రం వచ్చిన కాగితంలో ఎనిమిది ఉంది. సగానికి దగ్గరగా దిగిందని సంతోషించాలా, ఇంకా రెట్టింపు ఉందని ఏడవాలా తెలియక ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. అన్నం ముద్ద దిగలేదు.

"ముల్లు నిలవకముందే చదివితే ఏమంటారు మీరు నన్ను?" అంది అక్క.

"తిడతాను."

"నాకు తిట్టడం రాదు. తినండి."

నేను ఆసుపత్రికి ఫోన్ చేస్తే డాక్టరమ్మ కూడా ఇంచుమించు అదే చెప్పింది. దిగుతోంది, మంచిదే, కానీ గడువు కాకుండా ఇంకోసారి రక్తం ఇస్తే ఒప్పుకోనంది. ఆ తర్వాత బావ ల్యాబు వైపు వెళ్ళకుండా అక్క ప్రతిసారీ బజారుకి తోడు వెళ్ళేది. ఇద్దరూ ఒకే గొడుగులో గొలుసులు బేరమాడుతూ తిరగడం చూసి మార్కెట్లో వాళ్ళు వెక్కిరించారు. కొత్త పెళ్ళికొడుకులా ఉన్నావని ఉల్లిపాయల వ్యాపారి అంటే బావ సిగ్గుపడ్డాడు.

ఆఫీసరు వచ్చి ముద్రలు వేసి వెళ్ళాడు. మేం సరిచేసిన కాటాల్లో ఒక్కటీ తిరిగి రాలేదు. వానలు వెనకపట్టాయి. గడువు రోజు వచ్చింది.

రక్తం ముందుగానే ఇచ్చి ఉంచాం. డాక్టరమ్మ కాగితం విప్పేటప్పుడు బావ ఆమె ముఖం చూడలేక నా మోకాలు గట్టిగా పట్టుకున్నాడు. ఆ పట్టుకి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"రెండున్నర" అందామె. "ఇంత దిగిందంటే అప్పుడు పెరిగింది వాపు వల్లే. సూది అక్కర్లేదు. ఆరు నెలలకి ఒకసారి మళ్ళీ చూద్దాం, మర్చిపోకండి. ఈసారి ఏమైనా ఉంటే మీరే చెప్పండి, ఆవిడ చేత చెప్పించకండి."

బావ లేచి దండం పెట్టాడు. బయటికొచ్చాక ఆయనకి పట్టపగ్గాల్లేవు. వరండాలో కనబడిన నర్సుకల్లా నమస్కారం పెట్టాడు. అసలు పసిపిల్లల కాటా చూసే వెళ్దాం, అబద్ధం కాస్తా నిజమైపోతుంది అన్నాడు. నేనూ ఆయనా నవ్వుకుంటూ మెట్లు దిగుతున్నాం. వెనక్కి చూస్తే అక్క రాలేదు. పై మెట్టు మీద కూర్చుండిపోయింది. వచ్చేపోయేవాళ్ళు ఆమెని తప్పుకుని నడుస్తున్నారు.

"కాళ్ళు ఆడటం లేదండీ" అంది.

ఏదో హాస్యమాడుతోందనుకున్నాను. దగ్గరికెళ్ళి చూస్తే చేతులు వణుకుతున్నాయి. ఈ రెండు నెలలూ ఒక్కసారి కూడా వణకని చేతులు. ముద్రల రద్దీ అంతా మోసిన చేతులు. మంచినీళ్ళు తెమ్మంటావా, కళ్ళు తిరుగుతున్నాయా అని బావ కంగారుపడ్డాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"నాకు భయమేసిందండీ."

ఇప్పుడెందుకే, అంతా తగ్గిపోయిందిగా అని బావ అనబోయాడు. సగంలోనే ఆగిపోయాడు. ఇస్త్రీ పంచెతోనే ఆ మెట్టు మీద ఆమె పక్కన చతికిలపడ్డాడు.

"ఎప్పట్నుంచి?" అని అడిగాడు. "మొదట్నుంచీ చెప్పు."

చలిజ్వరం వచ్చిన రాత్రి దుప్పటి కింద ఆయన పళ్ళు కొట్టుకున్న చప్పుడు దగ్గర మొదలుపెట్టింది అక్క. బావ ఒక్కమాట అడ్డు చెప్పలేదు. ఎదురుగా మా ఊరి బస్సు వచ్చి ఆగింది. మమ్మల్ని గుర్తుపట్టిన కండక్టరు ఎక్కుతారా అన్నట్టు చూశాడు. నేను వెళ్ళమని చెయ్యి ఊపాను.